దెబ్బల నప్సియా

"ఇంకాస్త బిగించు పిన్నీ," అంది నప్సియా, చేతులు రెండూ పైకెత్తి గోడకి ఆనించి.

బట్టలు చూసుకునే ఎచి ముసలమ్మ మోకాలు నప్సియా నడుముకి అదిమిపెట్టి గుడ్డను గుంజింది. పాత సరోంగు లుంగీని నిలువునా చీల్చి చేసిన ఆ పట్టీ రొమ్ముల కింద నుంచి బొడ్డు దాకా ఏడు చుట్లు తిరిగింది. దాని మీద బూరుగుదూది కుక్కిన గోనె తిత్తి. తుంటి ఎముకల మీద మోటారు సైకిల్ ట్యూబు ముక్కలు రెండు. మోకాళ్ళకి కొబ్బరిపీచు దిండ్లు. ఇన్నీ అయ్యాక పైన ఊదారంగు పట్టు రవిక, జరీ అంచు సరోంగు, మెడలో ఇత్తడి గొలుసులు. జకార్తాని బతావియా అనే డచ్చి దొరల కాలంలో బాగా డబ్బున్న విధవరాలు అలాగే ఉండేదని డైరెక్టరు విర్యో గారి నమ్మకం.

"ఊపిరి ఆడుతోందా?" అంది ఎచి.

"ఆడకపోతేనే మంచిది. ఊపిరాడితే పక్కటెముకలూ ఆడతాయి."

"నోరు ముయ్యి. పొద్దున్నే ఏం మాటలవి."

తంగెరాంగ్ ఊరి బయట నది ఒడ్డున పాడుబడ్డ జమీందారు బంగళా అది. పెంకులు సగం ఊడిపోయాయి. గుర్రపుశాల పక్కన గదిని బట్టల గదిగా చేసుకున్నారు. తీస్తున్నది హాస్యచిత్రం. దొంగ పేరు బెలుట్, అంటే పాముచేప. ఎవరు పట్టుకున్నా చేతిలోంచి జారిపోతాడు గనక జనం అలా పిలిచేవారట. వాడు విధవరాలి వేషంలో జమీందారు ఇంట్లో దూరతాడు. జమీందారు ఆ విధవరాలి మీద మనసు పడతాడు. కాపలా రౌడీలు గుట్టు పసిగట్టి చితకబాదుతారు. దొంగ వేషం తొహిర్‌ది. తొహిర్ కనుబొమ్మ ఎగరేస్తే చాలు జకార్తా నవ్వుతుంది. కానీ అతనికి మెట్ల మీంచి దొర్లడం రాదు, తన్నులు తినడం రాదు. అందుకని మొహం తొహిర్‌ది, దెబ్బలు నప్సియావి.

మగవాడు ఆడవేషం వేస్తే ఆ వేషానికి ఆడదాన్ని డూప్‌గా పెట్టారని షూటింగులో వారం రోజులు నవ్వుకున్నారు. తొహిర్ ఎత్తుకీ ఆ పీలమనిషి ఒడ్డుకీ సరిపోయే మగ డూప్ దొరకలేదు. ఫైట్ మాస్టరు రిద్వాన్ మాత్రం, "మగ డూప్‌లలో ఇంత గట్టి మనిషి లేదు సార్," అన్నాడు.

నప్సియాకి నలభై నాలుగేళ్ళు. వాళ్ళ నాన్న జకార్తా శివార్లలోని చోందెట్‌లో సలక్ పళ్ళ తోటల మధ్య కుర్రాళ్ళకి సిలాట్ కుస్తీ నేర్పేవాడు. కొడుకులు లేక కూతురికీ నేర్పాడు. పదహారేళ్ళ కిందట ఆ తోటల్లోనే ఏదో సినిమా తీస్తుంటే చూడ్డానికి వెళ్ళింది. హీరోయిన్‌కి డూప్‌గా వచ్చిన మనిషి గోడ మీద కూర్చుని దూకలేక ఏడుస్తోంది. "దీనికింత గోలా?" అని నప్సియా సరోంగు ఎగ్గట్టి గోడెక్కి దూకింది. ఆ దూకడం ఇంకా ఆగలేదు. ఎడమ భుజం ఎముక గుర్రం మీంచి పడ్డప్పటిది. వీపు మీద అరచేతంత కాలిన మచ్చ గుడిసె తగలబడే సీనుది. కుడిచేతి చిటికెనవేలు వంగదు. రైలు తలుపులో నలిగింది. ముందుపళ్ళు రెండు కట్టుడువి. ఒళ్ళు విప్పితే ఏ సినిమా ఏ ఏడాది ఆడిందో చెప్పొచ్చు.

మొగుడు మహ్ముద్ రిక్షా తొక్కుతాడు. కొత్త సినిమా వచ్చినప్పుడల్లా తన రిక్షాలోనే భార్యను కూర్చోబెట్టుకుని హాలుకి తీసుకెళ్తాడు. హీరోయిన్ మెట్ల మీంచి పడగానే పక్కవాడి భుజం తట్టి, "అది మా ఆవిడ వీపు!" అంటాడు. "నోర్మూసుకో ముసలోడా" అని వెనకనుంచి ఎవరో అరుస్తారు. నప్సియా చీకట్లో మూతికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది.

తొమ్మిదింటికి బయట ఎండ చురుక్కుమంటోంది. నప్సియా విగ్గు పెట్టుకుని పెరట్లోకి నడిచింది. కెమెరా వెనక నుంచి విర్యో గారు తల పట్టుకున్నారు.

"నప్సియా! ఏంటమ్మా ఆ నడక? నువ్వు ఆడదానిలా నడుస్తున్నావ్!"

"ఆడదాన్నే కదా సార్."

"కాదు! నువ్వు ఆడదానిలా నడుస్తున్న మగాడివి. తొహిర్‌ని చూడు."

తొహిర్ కుర్చీలోంచి లేచి, అరటికాయ బజ్జీ నోట్లో పెట్టుకునే నాలుగడుగులు వేసి చూపించాడు. తుంటి ముందు వెళ్ళింది, మోకాలు తర్వాత వెళ్ళింది, పాదం ఎటు వెళ్ళాలో ఆలోచించుకుని వెళ్ళింది. నప్సియా కళ్ళు చికిలించి చూసింది. రెండోసారికి అచ్చం అలాగే నడిచింది. జూనియర్ ఆర్టిస్టులు ఈలలు వేశారు.

"నా కన్నా బాగా చేస్తోంది, నన్ను ఇంటికి పంపెయ్యండి," అన్నాడు తొహిర్.

మొదటి సీను చెంపదెబ్బలు. కాపలా రౌడీగా కొత్తవాడు వచ్చాడు. పేరు గొఫార్. ప్రియోక్ రేవులో బస్తాలు మోస్తూ సాయంత్రాలు బాక్సింగ్ ఆడేవాడట. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఎడమ చెవి దెబ్బలకి ఎండిన పుట్టగొడుగులా ముడుచుకుపోయింది. రిద్వాన్ మాస్టరు వాడికి మూడుసార్లు చెప్పాడు: చెయ్యి చెంప పక్కనుంచి పోవాలి, తల తిప్పడం నప్సియా పని, చప్పుడు తర్వాత కలుపుకుంటాం.

"యాక్షన్!"

గొఫార్ చెయ్యి పక్కనుంచి పోలేదు. నేరుగా వచ్చి తగిలింది. నప్సియా తల గిర్రున తిరిగింది. కట్టుడుపళ్ళు నాలుకకి గుచ్చుకున్నాయి. నోట్లో ఉప్పగా తగిలింది. అయినా ఆగలేదు. విధవరాలిలా గుండెల మీద చెయ్యేసుకుని రెండు గుండ్రాలు తిరిగి, అరటిగెల మీద పడింది.

"కట్! బ్రహ్మాండం!" అన్నారు విర్యో గారు. "ఇంకొకటి తీద్దాం."

నప్సియా ఎర్రగా ఉమ్మి, లేచి గొఫార్ దగ్గరికొచ్చింది. "తమ్ముడూ, గాలిని కొట్టు. చెంప నేను తెస్తాను."

"సరే అక్కా," అన్నాడు వాడు, ఎటో చూస్తూ.

రెండో టేకులో పిడికిలి పక్కటెముకల్లోకి దిగింది. గోనె తిత్తి లేకపోతే ఎముక విరిగేదే. మూడో టేకులో డొక్కలో పొడిచాడు. నప్సియాకి కళ్ళ ముందు ఎండంతా తెల్లటి ముద్దయిపోయింది. తర్వాత చేసింది ఆలోచించి చేసింది కాదు. వాడి మణికట్టు దొరకబుచ్చుకుని, తుంటి వాడి కిందికి తోసి, బస్తాలు మోసే ఆ ఒంటిని భుజం మీంచి ఎత్తి రాతిపలకల మీద కుదేసింది. మోకాలు వాడి గొంతు మీద పెట్టింది. గొఫార్ మొహం నల్లబడింది, కాళ్ళు నేల మీద కొట్టుకున్నాయి. పట్టు రవికలో ఉన్న విధవరాలు రౌడీ గొంతు మీద కూర్చోవడం చూసి పెరడంతా విరగబడి నవ్వింది. కెమెరా తిరుగుతూనే ఉంది.

"ఇంకోసారి నిజంగా కొట్టావంటే," అంది నప్సియా, వాడికి మాత్రమే వినబడేలా, "ఆ రెండో చెవి కూడా ముడుచుకుపోతుంది."

రిద్వాన్ మాస్టరు వచ్చి ఇద్దరినీ విడదీశాడు. అన్నాల వేళ అయింది.

గొఫార్ అందరితో కలిసి తినలేదు. బావి వెనక గోడకి చేరగిలబడి గొంతు తడుముకుంటున్నాడు. నప్సియా తన పళ్ళెం పట్టుకుని అక్కడికి వెళ్ళింది. ఉడికించిన గుడ్డు సగం వాడి అన్నంలో వేసింది.

"ఎందుకురా అలా కొడుతున్నావ్? నా మీద పగేమన్నా ఉందా?"

"లేదక్కా." వాడి గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "గట్టిగా కొడితే డైరెక్టరు గారి కళ్ళలో పడతాననుకున్నా. నాకు తెలిసింది అదొక్కటే. ఉత్తుత్తిగా కొట్టమంటే ఈ చేతికి అర్థం కావట్లేదు."

నప్సియా ఆ చేతిని తీసుకుని చూసింది. కణుపులన్నీ విరిగి అతుక్కున్నవే. పదహారేళ్ళుగా తన మీదికి వచ్చిన చేతుల్లో చాలావాటికి ఇలాంటి కణుపులే.

"మా ఆయన కూడా పెళ్ళయిన కొత్తలో కొట్టేవాడు," అంది అన్నం కలుపుతూ. "రెండుసార్లు ఊరుకున్నా. మూడోసారి మణికట్టు పట్టుకుని తిప్పా. విరిగింది."

"అయ్యో. తర్వాత?"

"తర్వాతేముంది? చెయ్యి విరిగినోడు రిక్షా ఏం తొక్కుతాడు? రెండు నెలలు నేనే తొక్కా. వీధిలో ఒకటే నవ్వులు. ఇంటికొచ్చి నేనే తినిపించేదాన్ని. ఆ రెండు నెలల్లోనే మేమిద్దరం నిజంగా మొగుడూ పెళ్ళాలమయ్యాం." నవ్వింది. "లే, తిన్నది చాలు. కొట్టు."

బావి వెనక అరగంటసేపు నేర్పింది. చెయ్యి ఎక్కడ మొదలవ్వాలో, భుజం ఎప్పుడు తిరగాలో, చూపు చెంప మీద ఉండగానే అరచెయ్యి వేలెడు దూరంలోంచి ఎలా దాటిపోవాలో. మొదట్లో రెండుసార్లు తగిలింది. "ఆపడం కష్టంరా. కొట్టడానికి పశువు చాలు," అంది. ఇరవయ్యోసారికి గాలి మాత్రమే తగిలింది. గొఫార్ తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో కొత్త చెయ్యి అన్నట్టు.

మధ్యాహ్నం రెండు గంటలు నప్సియా మెట్ల మీంచి నాలుగుసార్లు దొర్లింది. ఇద్దరు రౌడీలు జుట్టు పట్టి గుర్రాల నీళ్ళతొట్టిలో ముంచారు. మూడోసారి లేపడం కాస్త ఆలస్యమైంది, ముక్కుల్లోంచి పాచినీళ్ళు కక్కింది. కిటికీలోంచి విసిరేస్తే గడ్డిబండిలో పడాల్సింది, బండి చక్రం మీద పడి మోచెయ్యి దోక్కుపోయింది. గొఫార్ తన్నాల్సిన మూడు తన్నులూ పొల్లుపోకుండా తన్నాడు, ఒక్కటీ తగల్లేదు. "వీడికేం మందు పెట్టావు?" అని రిద్వాన్ మాస్టరు ఆశ్చర్యపోయాడు.

ఆఖరి సీను మిగిలింది. గొఫార్ వెనకనుంచి దుడ్డుకర్రతో విధవరాలి నెత్తిన కొడతాడు, కర్ర విరుగుతుంది, విగ్గు ఎగిరిపోతుంది, దొంగ బయటపడతాడు. ఇందుకోసం ఎండిన బొప్పాయి కాండానికి రంగు పూసి ఉత్తుత్తి కర్రలు మూడు చేశారు. ఒకటి రిహార్సల్‌లో విరిగింది. రెండోది టేకులో చక్కగా విరిగింది గానీ సరిగ్గా అప్పుడే కెమెరాలో రీలు చిక్కుకుంది. మూడోది తొట్టి పక్కన ఎవరో పడేస్తే నాని మెత్తబడింది.

సూర్యుడు కొబ్బరిచెట్ల వెనక్కి జారుతున్నాడు. బంగళా ఆ ఒక్కరోజుకే ఇచ్చారు. విర్యో గారు టోపీ తీసి నేలకేసి కొట్టారు.

"అసలు కర్ర ఉంది సార్," అన్నాడు సామాన్లవాడు, రౌడీలు చేత పట్టుకుని తిరిగే టేకుచెక్క కర్ర ఒకటి ఎత్తి చూపిస్తూ. "విరగదు గానీ, తగిలీ తగలనట్టు తగిలితే విగ్గు ఎగిరిపోతుంది. విరిగిన ముక్కలు విడిగా తీసుకోవచ్చు."

అందరూ నప్సియా వైపు చూశారు. ఎవరూ అడగలేదు. అడక్కుండా చూడడం వాళ్ళకి బాగా అలవాటు.

గొఫార్ కర్ర అందుకోలేదు. "నేను కొట్టను మాస్టారూ. ఇంకెవరినైనా పెట్టుకోండి."

"ఇంకెవరికిరా నేర్పింది నేను?" అంది నప్సియా. "పొద్దున నువ్వు కొట్టిన దెబ్బలకన్నా ఇది మెత్తగానే ఉంటుంది. విగ్గు కొసని తాకు, చాలు. నీ కర్ర వస్తుంటే నేను కిందికి కుంగుతాను."

ఎచి తువ్వాలు మడిచి విగ్గు కింద పెట్టింది. నప్సియా బిస్మిల్లా అనుకుని రాతిపలకల మధ్యలో నిలబడింది. మధ్యాహ్నం తొట్టిలోంచి పొంగిన నీళ్ళు ఆ పలకల మీద ఇంకా ఆరలేదు.

"యాక్షన్!"

గొఫార్ నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేశాడు. భుజం తిరిగింది, కర్ర పైనుంచి వంపుగా వచ్చింది. నప్సియా కుంగాల్సిన క్షణంలో కుంగింది. కుడికాలు పాచి మీద జారింది. ఒళ్ళు కిందికి పోవాల్సింది పక్కకి పోయింది, తల కర్రకి ఎదురెళ్ళింది. తువ్వాలు లేని చోట, చెవి వెనక, టేకు కర్ర తగిలింది. కొబ్బరికాయ కొట్టిన చప్పుడైంది.

విగ్గు అనుకున్నట్టే ఎగిరిపోయింది.

నప్సియా కుడివైపు పడాలి. పడలేదు. కాళ్ళు రెండూ ఇద్దరు వేర్వేరు మనుషులవైనట్టు చెరోవైపు నడిచాయి. ఎడమకి నాలుగడుగులు వేసి, వరండా స్తంభానికి తల వంచి మర్యాదగా నమస్కారం పెట్టింది. దాన్ని రెండు చేతులా కావలించుకుంది. చెంప స్తంభానికి ఆనించి, ప్రేమగా, నెమ్మదిగా, కిందికంటా జారి కూర్చుంది.

నవ్వులు రేకుల కప్పు మీద వానలా కురిశాయి. లైట్లు పట్టుకున్నవాళ్ళ చేతుల్లో లైట్లు ఊగాయి. తొహిర్ తొడలు చరుచుకుని ఏడ్చినంతగా నవ్వాడు.

"కట్! కట్! ఆ స్తంభం ఎవరు చెప్పారు నీకు? అద్భుతం!" విర్యో గారి టోపీ మళ్ళీ నెత్తికెక్కింది. "ప్యాకప్!"

తొహిర్ పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, నా క్లోజప్పుకి ఆ నడక కావాలి. నేర్పవా?"

"ఏ నడక?" అంది నప్సియా.

ఆ మాటకి మళ్ళీ అందరూ నవ్వారు.

పది నిమిషాల్లో లేచి నిలబడింది. చెవి వెనక నిమ్మకాయంత వాచింది. రక్తం చుక్క లేదు. ఎచి లవంగనూనె రాసింది, పట్టీలు విప్పింది. నప్సియా తన పాత నీలం రవిక తొడుక్కుని గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుంది. ఎచి మళ్ళీ సరిచేసింది. గుర్రపుశాల వెనక గొఫార్‌కి కనబడింది, గోడ పట్టుకుని వాంతి చేసుకుంటూ.

"అక్కా, గట్టిగా తగిలింది కదూ?"

"తొట్టినీళ్ళు తాగించారు కదరా, అవే." మూతి తుడుచుకుంది. "నువ్వు బాగా కొట్టావు. జారింది నేను."

"ఆసుపత్రికి పోదాం. నేను తోడొస్తా."

"ఆసుపత్రివాళ్ళకి ఏం చెప్తావ్? విధవరాలి వేషంలో దొరికిపోయిందని చెప్తావా?" వాడి ముడుచుకుపోయిన చెవిని పట్టుకుని మెల్లగా లాగింది. "లారీ వెళ్ళిపోతుంది, పద."

గేటు దగ్గర కూరలు అమ్మే ఆవిడ బుట్ట సర్దుకుంటోంది. నప్సియా ఆగి జెంగ్కోల్ గింజల పులుసు ఒక పొట్లం కట్టించుకుంది. తిన్నాక రెండురోజులు కంపు కొట్టే ఆ గింజలంటే మహ్ముద్‌కి ప్రాణం. ఇంట్లో వండితే పక్కింటివాళ్ళు పోట్లాటకొస్తారు. "కారం ఎక్కువెయ్యి," అంది. పొట్లం వేడిగా ఉంది. రెండు చేతులా పట్టుకుని లారీ ఎక్కింది.

బట్టల మూటల మీద తల వాల్చి, కాళ్ళు చాపుకుని పడుకుంది. ఎదురుగా ఎచి, అంచున గొఫార్. లారీ నదిని దాటి పొలాల మధ్యకి వచ్చింది.

"ఎండ ఇంకా ఉందా పిన్నీ?" అంది కాసేపటికి, కళ్ళు మూసుకునే.

"ఉంది. కాస్త కునుకు తియ్యి."

గురక మొదలైంది. పెద్ద గురక, మగవాడి గురకలా. లారీలో ఉన్నవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. తర్వాత గురక ఆగింది. హమ్మయ్య అన్నాడెవరో. గొఫార్ ఒక్కడే నవ్వలేదు. లారీ ఇంజను చప్పుడు కింద ఆమె ఊపిరి చప్పుడు వెతుక్కుంటూ కూర్చున్నాడు. రోడ్డు బాగోలేదు. లారీ ఎటు ఊగితే ఆమె ఒళ్ళు అటు ఊగుతోంది.

చోందెట్ మలుపు దగ్గర లారీ ఆగేసరికి పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ వినబడుతోంది. మహ్ముద్ ఎప్పట్లాగే రిక్షాతో నిలబడి ఉన్నాడు.

"లేవే, మీ ఆయనొచ్చాడు," అని ఎచి భుజం కదిపింది. మళ్ళీ కదిపింది. మొహం మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేసింది.

మహ్ముద్ లారీ ఎక్కాడు. భార్య పక్కన గొంతుక్కూచుని పిలిచాడు. చెవి వెనక వాపు అతని వేళ్ళకి తగిలింది. అక్కడే వేళ్ళు పెట్టి ఉంచి తలెత్తాడు.

"ఎవరు కొట్టారు?"

షూటింగ్ అన్నారెవరో. జారింది అన్నారు ఇంకెవరో.

"నేను," అన్నాడు గొఫార్.

మహ్ముద్ లేచి వాడి మొహం మీద గుద్దాడు. ముక్కు పగిలింది. మళ్ళీ గుద్దాడు. రిక్షా తొక్కి తొక్కి బండబారిన చేతులవి. నోటి మీద, కంటి మీద, ఎక్కడ దొరికితే అక్కడ గుద్దాడు. గొఫార్ చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డాడు. ఒక్క దెబ్బకీ మొహం తిప్పుకోలేదు. ఎచి అరుస్తూ ఇద్దరి మధ్యకి వచ్చి పడేదాకా అది సాగింది. అప్పుడు మహ్ముద్ ఆగాడు. వగరుస్తూ గొఫార్ రక్తం కారుతున్న మొహం వైపు చూశాడు.

"కాళ్ళవైపు పట్టుకో," అన్నాడు.

ఇద్దరూ కలిసి ఆమెను దింపి, తొక్కేవాడికి ముందువైపు సీటుండే ఆ రిక్షాలో కూర్చోబెట్టారు. తల వాలిపోకుండా గొఫార్ పక్కన నడుస్తూ భుజంతో ఆనించుకున్నాడు. మహ్ముద్ తొక్కలేదు, హ్యాండిల్ పట్టుకుని తోసుకుంటూ, సలక్ తోటల మధ్య సన్నటి దారిలోకి తీసుకుపోయాడు. వెనకే ఎచి, చెప్పులు చేత పట్టుకుని.

ఆ సినిమా తర్వాత ఏడాది రంజాన్ పండగకి వచ్చింది. స్తంభాన్ని కావలించుకునే చోట హాళ్ళలో జనం కుర్చీల మీంచి పడి నవ్వారు. మహ్ముద్ చూడలేదు.

ఆ సాయంత్రం లారీ మాత్రం ఇంకా వెళ్ళాల్సినంత దూరం ఉంది. విధవరాలి పట్టు రవిక, ఇత్తడి గొలుసులు, రౌడీల టోపీలు మూటల్లో ఊగుతూ ఊళ్ళోకి పోయాయి. మూటల మధ్య పల్లంలో అరిటాకు పొట్లం ఒకటి ఉంది; రబ్బరు బ్యాండు రెండు చుట్లు, ఆకు ఈనె పక్కనుంచి సన్నగా కారుతున్న పులుసు, ఇంకా కొంచెం వెచ్చగా.